పసుపు పూసిన నెంబరు

సత్యకుమారిని గోదావరి చంపలేదు. ఆమె తమ్ముడు బుజ్జిబాబు చంపాడు. ఈ సంగతిలో ఆమె మొగుడు చిట్టియ్యకు అనుమానం లేదు. అనుమానం ఉన్నవాళ్ళతో అతనికి మాటల్లేవు.

మూడు నెలల కిందట, దసరా సెలవులు రెండు రోజుల్లో ఇస్తారనగా, మొగలిలంక రేవు బోటు అవతలి ఒడ్డు చేరబోతూ మునిగింది. ఎక్కింది ఇరవై రెండుమంది. ఒడ్డు చేరింది ఇరవై ఒక్కమంది. చేరనిది సత్యకుమారి ఒక్కతే. అవతలి ఊరి బళ్ళో మధ్యాహ్న భోజనం వండేది ఆమె. కడుపున పిల్లల్లేని మనిషి, వందమంది పిల్లలకు వండిపెట్టి వచ్చి, ఇంట్లో మొగుడికి చల్దన్నం పెట్టేది. చిట్టియ్య ఆ మాట అనని రోజు లేదు. ఇప్పుడు అనడానికి ఆమె లేదు.

బోటు బుజ్జిబాబుది. రేవు వేలంపాట బుజ్జిబాబుది. మొన్న వేసవిలో ఆ పాటకి బావ చిట్టియ్య కూచుంటే, ఎదురు కూచుని, పంతానికి పాడి, రేవు తన్నుకుపోయాడు వాడు. ఆనాటి నుంచి చిట్టియ్య వాడితో మాట్లాడలేదు. వాడి బోటు ఎక్కలేదు. దానివంక కన్నెత్తి చూడలేదు. ఏరు దాటాలంటే తన చెక్క నావలోనే దాటాడు. పెళ్ళాన్ని మాత్రం ఆపలేకపోయాడు. "నీ నావ అవతలికి చేరేసరికి పిల్లలకి పొద్దుగూకుతుంది" అని ఆమె రోజూ తమ్ముడి బోటే ఎక్కేది.

దినకార్యం అయిన మర్నాడే చిట్టియ్య ఆర్డీవో ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. మూడేళ్ళ బోటని ఊరిని నమ్మించి పాత డొక్కు తెచ్చాడని, నెంబరు మార్చాడని, తన భార్య చావుకి వాడే కారణమని. మార్చాడనడానికి రుజువేంటని అక్కడ అడిగారు. బోటు వెనక ఉన్న రేకు మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది, నెంబరు అచ్చు దింపుకుని, కాకినాడ దగ్గర ఫైబర్ బోట్లు పోసే యార్డుకు వెళ్ళాడు. అక్కడ అచ్చుల దగ్గర పెద్ద మేస్త్రీ అబ్రహాము ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఈ నెంబరు మాది కాదండి. బోటు మాదో కాదో కంటితో చూస్తేగాని చెప్పలేను" అన్నాడు. ఆర్డీవో ఆఫీసు నుంచి ఆయనకూ కాగితం వెళ్ళింది. సోమవారం విచారణ. యార్డు పుస్తకం పట్టుకుని రావాలి.

శనివారం పొద్దున ఎనిమిది గంటలకే అబ్రహాము మొగలిలంక రేవులో దిగాడు.

బోటు రేవుకి ఎగువన ఇసకలో ఒక పక్కకి ఒరిగి ఉంది. నీలం రంగు, తెల్ల చారలు, జనం కూచోడానికి అడ్డబల్లలు, పైన రేకుల కప్పు. మునిగిన మూడోనాడు తాళ్ళు కట్టి లాగి ఈ ఒడ్డున పడేశారు. విచారణ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకుండా తలారి బుల్లబ్బాయి కాపలా. దాని నీడలోనే గోనెపట్టా పరుచుకుని చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఆయ్, రండి మేస్త్రీగారూ. మూడు నెలల్నుంచి దీన్ని కనిపెట్టుకుని ఉన్నానండి. నా పెళ్ళాన్ని కూడా ఇలా కనిపెట్టుకుని..." అంటూనే చిట్టియ్య మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. చుట్ట ఇసకలో గుచ్చి లేచాడు.

అబ్రహాము పొట్టి మనిషి. వేళ్ళు రెజిన్ జిగురు పట్టి గోధుమరంగుకి తిరిగాయి. భుజాన ఖాకీ సంచి. అందులోంచి టార్చిలైటు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు తీశాడు. పాలిథిన్ కాగితంలో చుట్టిన పొడుగాటి నోటుపుస్తకం మాత్రం సంచిలోనే ఉంచాడు. బోటు చుట్టూ ఒకసారి నడిచాడు. అక్కడక్కడా వేలి కణుపులతో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"బోటు మా అచ్చులోదేనండి. ఈ ముక్కు వంపు మాది."

"అయితే నెంబరు?"

"అది చూద్దాం."

వెనక తట్టున, కుడి పక్క ఉన్న రేకు మీద టార్చి వేశాడు. "చూశారా, దీన్ని రివెట్లు కొట్టి అంటించారు. మేం నెంబరు అంటించమండి. పోస్తాం. అచ్చులోనే అంకెలు పెట్టి వాటి మీద ఫైబర్ వేస్తే, బోటుతోపాటే పుడుతుంది. పీకితే రాదు." రివెట్ల తలలు సుత్తితో తుంపి రేకు ఊడదీశాడు. దాని వెనక అరచేయి మేర పల్లంగా, గరుకుగా ఉంది. "గ్రైండరు పెట్టి అసలు నెంబరు గీకేశారు. గీకిన మచ్చ కనపడకుండా రేకు కొట్టారు."

చిట్టియ్య ఛాతీ ఒక్కసారి పైకి లేచింది. మూడు నెలల్లో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చాడు. "విన్నావా బుల్లబ్బాయ్! సాక్ష్యం నువ్వే. సోమవారం ఇదే మాట చెప్పాలి."

"చెప్పకేం. నేను కళ్ళారా చూశాను కదా."

"తొందరపడకండి" అన్నాడు అబ్రహాము. "గీకింది మీ బావమరిదే అనడానికి ఇందులో ఏం లేదు. మధ్యలో ఎన్ని చేతులు మారిందో. దళారులు చేసే పనే ఇది. బోటు వయసు తగ్గించి అమ్ముకుంటారు."

"అయితే వాడు చేయించలేదని ఎలా చెబుతారు?"

"నేను ఏదీ చెప్పను. బోటు చెబుతుంది." అబ్రహాము కప్పు కిందకి వంగి లోపలికి ఎక్కాడు. "నెంబరు రెండుచోట్ల పోస్తామండి. పైది జనం కోసం. లోపలిది దొంగల కోసం. అదెక్కడుందో యార్డు వాళ్ళకి తప్ప తెలీదు. కొన్నవాడు అడిగితే వాడికీ చూపిస్తాం, అడిగేవాళ్ళు తక్కువ. దాన్నిబట్టి పుస్తకం చూస్తే ఎప్పుడు పుట్టింది, ఎవరికిచ్చాం, రిపేరుకి ఎన్నిసార్లు వచ్చింది, అన్నీ ఉంటాయి. ఇదిగో, ఈ ఆఖరి బల్ల కింద, కుడివైపు మూల..."

"బావా, ఆ బల్ల తియ్యనీకు!"

గట్టు మీంచి బుజ్జిబాబు పరుగున వస్తున్నాడు. చొక్కా గుండీలు లేవు. మూడు నెలల్లో మనిషి సగం అయ్యాడు. పాతికేళ్ళు దాటని వాడి గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు.

చిట్టియ్య తల తిప్పలేదు. "బుల్లబ్బాయ్, ఏదో చప్పుడైంది. కాకేమో?"

బుల్లబ్బాయి ఇటు చూశాడు, అటు చూశాడు. "బుజ్జిబాబు వచ్చాడు చిట్టియ్యా."

"ఏం కావాలో అడుగు."

"నన్నెందుకు మధ్యలో పెడతావయ్యా? ఇద్దరికీ నోళ్ళున్నాయి."

బుజ్జిబాబు ఇసకలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రొప్పుతూనే అన్నాడు. "బావా, సోమవారం నేనే ఒప్పుకుంటాను. పాత బోటని తెలిసే కొన్నానని రాసిస్తాను. రేకు కూడా నేనే కొట్టించానని సంతకం పెడతాను. నీకు కావలసింది అదే కదా? ఆ బల్ల జోలికి పోకు. మేస్త్రీగారూ, మీకు దణ్ణం పెడతాను, దిగండి."

"చూశావా బుల్లబ్బాయ్? పుస్తకం విప్పకముందే దొంగ బయటపడ్డాడు." చిట్టియ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి బుల్లబ్బాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. "వాడు తియ్యొద్దంటున్నాడంటే తియ్యాల్సిందే. తియ్యండి మేస్త్రీగారూ."

"నీ మంచికే చెబుతున్నా బావా!"

"నా మంచి ఏరు మింగింది. తియ్యండి!"

అబ్రహాము బల్ల అంచు పట్టుకుని ఎత్తబోయి ఆగాడు. మిగతా బల్లలన్నిటికీ మేకులున్నాయి. దీనికి లేవు. వెనకవైపు రెండు ఇత్తడి బందులు, పెట్టె మూతకున్నట్టు. ఒక్క చేత్తో ఎత్తితే లేచింది.

"ఈ బల్లని రోజూ తీసి వేసేలా చేయించుకున్నారే" అన్నాడు తనలో తాను. టార్చి వేసి కిందికి వంగాడు. "చిట్టియ్యగారూ, ఒకసారి లోపలికి రండి."

ఆ బోటులో తను అడుగు పెట్టడం అదే మొదలు అనుకున్నాడు చిట్టియ్య.

బోటు లోపలంతా రంగు మీద రంగు, నాలుగు పూతలు దట్టంగా ఉన్నాయి. ఆ మూల ఒక్కచోట, జానెడు మేర, ఎవరో రంగంతా శ్రద్ధగా గీకి తీశారు. తెల్లటి ఫైబర్ మీద అంకెలు ఉబ్బెత్తుగా నిలబడి ఉన్నాయి. వాటి నిండా పసుపు. ఒకసారి రాసిన పసుపు కాదు. పూత మీద పూత, నూనె కలిపి అద్దింది. రెండు రోజులు నీళ్ళలో నానినా వదలక అంకెల సందుల్లో పట్టుకుని ఉంది. పక్కన నల్లబడిన కుంకుమ బొట్టు.

బుల్లబ్బాయి బయటినుంచే మెడ సాచి చూశాడు. "ఇదేంటండీ, గడపకి రాసినట్టు రాశారు? బల్ల కింద పూజలేంటి?"

చిట్టియ్యకు జూన్ నెల గుర్తొచ్చింది. కొత్త పడవ నీళ్ళలోకి దింపేనాడు దానికి పసుపు రాయడం ఇంటి ఆడపడుచు హక్కు. ఆ పని ఇంకొకరు చేస్తే పడవకి అరిష్టం అంటారు. వెళ్ళొద్దని అతను అన్నాడు. సత్యకుమారి వెళ్ళింది. పసుపు చేతులతో తిరిగొస్తే, ఆ పూట అతను ఆమె వడ్డించిన కంచం ముట్టలేదు. అయితే ఆ పసుపు రాసేది పడవ ముక్కుకి. బల్ల కింద చీకటి మూలకి కాదు. ఒక్కనాడు రాసేది. ఇన్నిసార్లు కాదు.

"కె వై, సున్నా నాలుగు ఒకటి, సున్నా ఎనిమిది, తొంభై నాలుగు" అని చదివాడు అబ్రహాము. "మొదటి రెండక్షరాలు యార్డువి. తర్వాతది బోటు వరస, నలభై ఒకటో బోటు. తర్వాతది నెల, ఆగస్టు. ఆఖరిది సంవత్సరం. రేకు మీద రెండువేలని రాసుకున్నారు గాని దీని వయసు తొమ్మిదేళ్ళు దాటిపోయింది."

"తొమ్మిదేళ్ళ డొక్కు" అన్నాడు చిట్టియ్య. ఆ అంకెలు అతనికి ఏమీ చెప్పలేదు. తొంభై నాలుగులో సబ్సిడీ మీద ఆ యార్డు నుంచి ఈ తీరానికి ఎన్ని బోట్లు రాలేదు? తనకీ ఒకటి వచ్చింది. అన్నీ ఒకే అచ్చు. "మునిగింది ఎందుకో కూడా చెప్పండి. అది కూడా రాసుకుంటారు ఆర్డీవో ఆఫీసులో."

"అదీ ఇక్కడే ఉంది." టార్చి వెలుగు నెంబరు కిందికి జారింది. బోటు అడుగున వెన్నులా పొడుగ్గా సాగే గట్టు, అక్కడ మూరెడు పొడుగున నోరు తెరిచి ఉంది. లోపలివైపు అతుకు ఒకటి సగం ఊడి వేలాడుతోంది. అబ్రహాము రెండు వేళ్ళతో లాగితే, కాగిన పాల మీది మీగడలా, తెగకుండా లేచి వచ్చింది. "ఇది పాత దెబ్బండి. చాలా పాతది. ఏ తాటిమొద్దు మీదో పడింది బోటు. ఈ అతుకు మా యార్డు పని కాదు. ఇంటి దగ్గర వేసుకున్నారు. పైన లప్పం పెట్టి, రంగు పూసి, నున్నగా చేసి అమ్మేశారు."

"పగులుందని చెప్పకుండా అమ్మాడన్నమాట!"

"చెబితే ఎవడు కొంటాడు?"

"ఆ చెయ్యి పడిపోను!" చిట్టియ్య అరుపుకి ఇసకలో కొంగలు లేచాయి. "వాడి వంశం నీళ్ళు దొరక్క పోను! ఆడదాన్ని పొట్టన పెట్టుకున్నాడు. వాడు కనపడాలి నాకు. కనపడితే ఇదే నీళ్ళలో ముంచి..."

"బావా, వద్దు" అన్నాడు బుజ్జిబాబు బయటి నుంచి. గట్టిగా అనలేదు. ఏడుస్తున్నాడు. "తిట్టకు బావా. అలా తిట్టకు."

అబ్రహాము ఈ గొడవ వినడం లేదు. పనివాడి కోపం పని మీదే ఉంటుంది. ఊడిన అతుకు ముక్కుకి ఆనించి వాసన చూశాడు. మొహం చిట్లించాడు. "అదీ సంగతి. సొరచేప నూనె. ఇన్నేళ్ళైనా కంపు పోలేదు. ఎవడో పాతకాలం మనిషండి. చెక్క పడవకి రాసినట్టు ఫైబర్‌కి ఏటేటా నూనె పట్టించాడు. చెక్కకైతే పురుగు పడుతుంది, నూనె రాస్తారు. ఫైబర్‌కి పురుగేంటి? నూనె తాగిన చోట రెజిన్ అంటదు. పైకి అంటినట్టే ఉంటుంది, లోపల అంటదు. పైగా గాజునార మ్యాట్ చాల్లేదు కాబోలు, మధ్యలో గుడ్డ కూడా వేశాడు. చూడండి, చీర ముక్క."

టార్చి వెలుగులో, గాజులాంటి రెజిన్ పొర అడుగున, ఆకుపచ్చ నేత చీర ముక్క ఒకటి. అంచున సన్నటి తెలుపూ నలుపూ గళ్ళు.

చిట్టియ్య ఆ అంచు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

తొంభై ఆరు తుఫానుకి అతని బోటు లంకలో తాటిమొద్దు మీద పడింది. మిగతావాళ్ళు బోట్లు యార్డుకి మోసుకెళ్ళారు. అతను వెళ్ళలేదు. తాత తండ్రులనాటి నుంచి పడవల మీద బతికినవాడు, నా బోటుకి నాకు తెలీని వైద్యమా అన్నాడు. మ్యాట్ తెచ్చి, రెజిన్ తెచ్చి, పెరట్లో అతుకు వేశాడు. సత్యకుమారి డబ్బా పట్టుకుని పుల్లతో కలుపుతూ పక్కన కూచుంది. మ్యాట్ చాలకపోతే లోపలికి వెళ్ళి, తన ఆకుపచ్చ చీర చెరగు చించి తెచ్చింది. రెండేళ్ళు భయపడుతూ నడిపి, తొంభై ఎనిమిదిలో తుని వైపు దళారికి అమ్మాడు. "పగులుందని చెప్పు" అంది ఆమె. "కొనేవాడికి కళ్ళు లేవా?" అన్నాడు అతను. దళారి అడిగాడు కూడా, బోటుకి దెబ్బేమన్నా ఉందా అని. గీత కూడా పడలేదన్నాడు. మొగలిలంకలో చిట్టియ్య మాటంటే రాసిచ్చిన కాగితంతో సమానం. దళారి నమ్మాడు.

ఏటేటా సొర నూనె రాసింది తనే. నాన్న రాసేవాడని.

అబ్రహాము సంచిలోంచి నోటుపుస్తకం తీసి, పాలిథిన్ విప్పి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి చిట్టియ్యని చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. తర్వాత బయటికి వంగి, "బుల్లబ్బాయిగారూ, నోరు పిడచకట్టుకుపోతోందండి. ఊళ్ళోంచి కాసిని మంచినీళ్ళు తెప్పిస్తారా?" అన్నాడు.

"ఆయ్, నేనే తెస్తాను."

తలారి గట్టు దాటేదాకా అబ్రహాము పుస్తకంలో వేలు పెట్టుకుని ఆగాడు.

"మీ ఇంటిపేరు కొప్పాడేనాండి?" అన్నాడు అబ్రహాము.

"చదవండి."

"చదవక్కర్లేదనుకుంటాను."

"చదవండీ."

"నలభై ఒకటో బోటు. కొప్పాడి చిట్టియ్య, మొగలిలంక." అబ్రహాము గొంతు తగ్గించాడు. "ఎదురుగా రిపేరు గడి ఖాళీగా ఉంది. తుఫాను తర్వాత ఏడాదిపాటు మా బోట్లన్నీ తిరిగి వచ్చాయండి. డబ్బులేనివాళ్ళకి ఊరికే చేసిచ్చాం. ఇదొక్కటే రాలేదు."

చిట్టియ్య బోటు అంచు పట్టుకుని కిందికి దిగాడు. బుజ్జిబాబుకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. వేసవి తర్వాత మొదటిసారి వాడి కళ్ళలోకి చూసి మాట్లాడాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"కొన్నప్పుడు తెలీదు బావా. అక్క మీద ఒట్టు. మూడేళ్ళ బోటని అంటగట్టాడు దళారి. పసుపు రాయడానికి అక్క వచ్చింది కదా, ముక్కుకి రాసి, లోపలంతా చూస్తానని తిరిగింది. ఆ బల్ల కింద రంగు పెచ్చు ఊడినచోట వంగి చూసి, ఇక లేవలేదు. ఏంటే అక్కా అంటే, ఇది నా చీరరా అంది."

చిట్టియ్య తల తిప్పి బోటు వెనక తట్టు చూశాడు.

"నేను నమ్మలేదు. మర్నాడు ట్రంకుపెట్టెలోంచి మీ బోటు సబ్సిడీ కాగితం తెచ్చింది. చీర కనబడ్డచోటే రంగు గీకుతూ పోతే అంకెలు బయటపడ్డాయి. కాగితంలో ఉన్న అంకెలే. నువ్వివాళ చేసిన పని అక్క జూన్‌లోనే చేసింది బావా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను చెబుతానన్నాను. బావనే పిలుద్దాం, ఆయన అమ్మిన బోటు, ఆయనకే తెలుస్తుంది అన్నాను. చెయ్యి పట్టుకుంది. ఆయన అబద్ధం ఆడాడని నీ ముందు తలదించుకోవాలా, పాటలో ఓడినందుకే మంచం పట్టాడు, ఇది తెలిస్తే ఉరేసుకుంటాడు అంది. బావ బతికుండగా ఈ మాట నీ నోట రాకూడదని ఒట్టు వేయించుకుంది." వాడు చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. "యార్డులో పెడితే రెండు వారాలు. అన్నాళ్ళు రేవు ఆపితే పాట రద్దు చేస్తారు. దసరా సెలవుల్లో బడి ఉండదు, జనం పల్చగా ఉంటారు, అప్పుడు పెడదాం అన్నాను. సరేనంది. అందాకా ఆ బల్ల మీద నేనే కూచుంటాను, నువ్వు ఇంజను చూసుకో అంది. రోజూ అక్కడే కూచునేది. కాలికి తడి తగులుతుందేమో చూసుకుంటూ. ప్రతి శుక్రవారం పసుపు రాసేది. మనింటి బోటు మనింటికే వచ్చిందిరా, దీన్ని బతిమాలుకోవాలి అనేది."

సత్యకుమారి ఎప్పుడూ వెనక బల్ల మీదే ఎందుకు కూచుంటుందని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకోవడం చిట్టియ్య విన్నాడు. తమ్ముడి బోటు కదా, యజమానురాలి టెక్కు అన్నారు. తనూ అదే అన్నాడు ఒకసారి.

"ఆవేళ?" అన్నాడు.

"వద్దు బావా."

"ఆవేళ ఏం జరిగింది?"

"నడి ఏట్లో ఉండగా పగిలింది. అక్క నాకు చెయ్యి ఊపింది, ఆపకు, పోనీ అని. జనాన్ని ముందుకి జరగమని అరిచింది. తను లేవలేదు. బల్ల ఎత్తి, పైట చుట్టచుట్టి పగుల్లో కుక్కి, రెండు కాళ్ళతో తొక్కిపెట్టి కూచుంది. నేను ఇంజను వదిలి రాబోతే తిట్టింది బావా, పుట్టి బుద్ధెరిగి నన్నెప్పుడూ అలా తిట్టలేదు. ఒడ్డు ఇంక నాలుగు బారలు. జనం దూకేశారు. అందరికీ నేల అందింది. అప్పుడు వెనక తట్టు ఒక్కసారి కూచుండిపోయింది. పైట పగుల్లో ఇరుక్కుంది. కప్పు అక్క మీద పడింది. నేను మూడుసార్లు మునిగాను." వాడు వేళ్ళు చూపించాడు, ఎవరో అడిగినట్టు. "మూడుసార్లు."

అబ్రహాము బోటులోనే కూచుని తల వంచుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడు.

చిట్టియ్య ఏడవలేదు. అతని చెయ్యి లేచింది. బుజ్జిబాబు దెబ్బ కోసం తల వంచాడు. చెయ్యి వాడి చెంపకీ పోలేదు, భుజానికీ పోలేదు. మధ్యలోనే దిగిపోయింది.

"తెలుసు నీకు. పగులుందని తెలిసి, నాలుగు నెలలు దాని మీద కూచోబెట్టావు."

"తెలుసు బావా."

"పాట పోతుందని."

"అవును."

"నన్ను కాదని, తమ్ముడివని నీ బోటెక్కలేదది. నా అబద్ధం మీద కూచుంది. నీ రేవు మీద కూచుంది." చిట్టియ్య గట్టు వైపు చెయ్యి చూపించాడు. "పో. నా కళ్ళెదుట నిలబడకు."

బుజ్జిబాబు కదల్లేదు. "సోమవారం నేను ఒప్పుకుంటాను. అన్నీ నా మీద వేసుకుంటాను. అక్కకి మాటిచ్చాను. జైలు ఎన్నేళ్ళైనా సరే. నీ పేరు రాదు."

"వస్తుందండి" అన్నాడు అబ్రహాము, పుస్తకం మడిచి పాలిథిన్ చుడుతూ. "నాకు కాగితం వచ్చింది. సోమవారం పది గంటలకి పుస్తకం పట్టుకుని అక్కడుంటాను. అడిగితే చదువుతాను. లేనిది చదవను, ఉన్నది దాచను. దేవుడికి భయపడేవాణ్ణి." కాసేపు ఆగి, మెత్తగా అన్నాడు. "అర్జీ ఇచ్చింది మీరు. మీరే వెనక్కి తీసుకుంటే విచారణే ఉండదు, నన్ను అడిగేవాళ్ళూ ఉండరు. ఈ కుర్రాడు బతుకుతాడు. ఆవిడ పోయింది ఈ రెండు పేర్లు కాపాడబోయే కదండీ. ఆలోచించుకోండి."

అర్జీ వెనక్కి తీసుకుంటే బుజ్జిబాబుకి శిక్ష లేదు. తీసుకోకపోతే తన పేరు నలుగురి మధ్యా చదువుతారు. అంతకన్నా సులువైన లెక్క లేదు. చిట్టియ్యకు మాత్రం రెండూ ఒకటే అనిపించాయి. బావమరిదిని క్షమించడానికి అతను ఆ ఒడ్డుకి రాలేదు. తనను తాను క్షమించుకునే ఉద్దేశం అసలే లేదు.

బుల్లబ్బాయి మరచెంబుతో గట్టు దిగి వచ్చాడు. ముగ్గురి మొహాలూ చూశాడు. "ఏంటలా ఉన్నారు? తెలిసిందాండి, బోటు ఎవరిదో?"

అబ్రహాము చిట్టియ్యని చూశాడు. బుజ్జిబాబు నేల చూశాడు.

"తెలియలేదు" అన్నాడు చిట్టియ్య.

"అదేంటి? నెంబరు చదివారు కదా? అంత పెద్ద పుస్తకం తెచ్చారు కదా?"

చిట్టియ్య తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. తన నావ వైపు నాలుగడుగులు వేశాడు.

"బావా!" అని కేకేశాడు బుజ్జిబాబు. "సోమవారం వస్తావా? వచ్చి ఏం చెబుతావు? ఒక్క మాట చెప్పి పో!"

చిట్టియ్య ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా, ఏటికేసి చూస్తూ అన్నాడు.

"ఈ బోటు మాట ఇంక నా నోట రాదు. ఇవాళ రాదు, సోమవారం రాదు, అర్జీ వెనక్కి అడగడానికీ రాదు, ఆర్డీవో అడిగినా రాదు. నన్ను కాల్చేదాకా రాదు. ఎవరూ అడక్కండి."